ఏడో పగులు

ఆ రోజు ఆ ఇంట్లో ఉన్నవాళ్లు: అమరావతమ్మ, ఆమె అన్న రామచంద్ర, కూతురు సుప్రియ, గుడుపల్లె నుంచి పెరుగు తెచ్చి పోసి ఇంకా లేవకుండా కూర్చున్న ముసలామె. గోడ మీద భానుప్రకాశ్. తలుపుకు ఇవతల, పంచలో చెక్కబల్ల మీద రోజా. డైరీలో ఏ రోజు పేజీ అయినా ముందు ఇంట్లో ఎవరెవరున్నారో రాసుకుని, ఆ తర్వాతే మిగతాది రాయడం రోజాకు ఆరో తరగతిలో పట్టుబడిన అలవాటు. ఇప్పుడు చేతిలో పెన్ను లేకపోయినా మనసు తనంతట తానే ఆ పని మొదలుపెట్టి రెండు చోట్ల ఆగిపోయింది. ఫొటోలో ఉన్న మనిషిని ఇంట్లో ఉన్నట్టు రాయాలా? పంచలో కూర్చున్న తను ఇంట్లో ఉన్నట్టా, బయట ఉన్నట్టా? ఫొటో కింద చిన్న ఎర్రబల్బు వెలుగుతోంది. తలుపు రెక్కలు రెండూ తెరిచే ఉన్నాయి కాబట్టి బల్ల మీద నుంచి అతని ముఖం సగం కనిపిస్తోంది. ఒక కన్ను, సగం నవ్వు. కొంచెం జరిగి కూర్చుంటే మొత్తం కనిపిస్తుంది. రోజా జరగలేదు. ఒళ్లో గుడ్డసంచి, సంచిలో డైరీ, డైరీలో జనవరి ఆఖరి ఆదివారం పేజీ, ఆ పేజీకి గుండుసూదితో గుచ్చిన నాలుగు వేళ్ల వెడల్పు తెల్లగుడ్డ. అవి ఈ ఇంట్లో ఇచ్చి ఒక మాట చెప్పి పోవాలి. రెండు నెలలుగా ఆ మాట పళ్ల దాకా వచ్చి వెనక్కి పోతోంది.

వచ్చినప్పుడు వాకిట్లోకి వచ్చింది రామచంద్రే. మెడలో తువ్వాలు వేసుకుని, కళ్లు చిన్నవి చేసి చూశాడు. "యాడ్నుంచి పాపా?" అన్నాడు. మదనపల్లె తట్టు నుంచి అంది. "కాలేజీ పిల్లవా? కాలేజీ వాళ్లతో మాకు సెప్పేదీ లేదు, ఇనేదీ లేదు" అన్నాడు. కాదని తల ఊపి, ఊరి పేరు చెప్పింది. గట్టుకిందపల్లె. ఆ పేరు వినగానే ఆయన ముఖంలో ఏదో గట్టిపడింది. తారు ఎండకు గట్టిపడ్డట్టు, అనుకుంది రోజా, అలా అనుకున్నందుకు తన మీద తనకే కోపం వచ్చింది. "కూసో. అమరావతి నీళ్లు పోసుకుంటాండాది. వస్తాది" అని లోపలికి పోయాడు. అది ఎంతసేపటి మాట? గోడగడియారం లోపలెక్కడో ఒకసారి కొట్టింది, మళ్లీ అరగంటకు కొట్టింది. సుప్రియ వచ్చి చెంబుతో నీళ్లు ఇచ్చి, ఏమీ అడక్కుండా, సంచి వంక ఒకసారి చూసి పోయింది. ఫొటోలోని అన్న పోలికే, నుదురంతా. నీళ్లు పోసుకునేవాళ్ల చప్పుడేదీ పెరట్లోంచి రావడం లేదు. గట్టుకిందపల్లె పిల్ల వచ్చిందని తెలిసి, రావాలా వద్దా అని ఆమె కూడా లోపల ఎక్కడో కూర్చుని ఉందేమో. అలా అనుకుంటే రోజాకు కొంచెం ఊపిరి ఆడింది. ఇద్దరూ ఒకే గోడకు అటూ ఇటూ కూర్చుని ఉన్నట్టు.

పంచ మూలన పెద్ద ఇనుప బాండలి బోర్లించి ఉంది. దాని వీపు మీద ఏళ్ల నాటి మసి, మసి మీద ఇప్పుడు దుమ్ము, దుమ్ము మీద పిల్లి నడిచిన అచ్చులు. లోపల పెరుగామె గొంతు: "ఏమప్పా రామచంద్రప్పా, అమరావతి బాండలి బోర్లించి రెండు నెల్లాయె. కుప్పం బజారులో మంచి మురుకు తినేదానికి లేకుండా పోయె. నా మనవడు పొద్దన్నే లేస్తే ఏడుపు." "నీ మనవనికి మురుకు కొరికేదానికి పండ్లు వచ్చినాయా?" "వానికి వచ్చినాయిలేప్పా, నాకే పోయినాయి." "అట్లయితే నీ నాలుక అడిగేదాన్ని వాని మీద యాల పెడతావు?" ముసలామె నవ్వింది, ఆయన కూడా నవ్వాడు, సుప్రియ కూడా నవ్విందేమో, ఆ వెంటనే ముగ్గురికీ ఒక్కసారే గుర్తొచ్చినట్టు నవ్వు తెగిపోయింది. తర్వాత ఆయన గొంతు తగ్గించి అన్న మాట పంచలోకి ఇంకా స్పష్టంగా వచ్చింది. "ఎవురింట్లోనైనా తిరగమాత వాసన తగిల్తే సాలు, లేసి పెరట్లోకి పోతాది. నా నూనే నా బిడ్డను తోసేసింది అంటాది. రాసి పంపినారు గదా కాలేజీ వాళ్లు, కాయితంలో, నూనె పైకొచ్చి రోడ్డు జారిందని. కాయితాన్ని కాదని నేనేమని సెప్పేది?" రోజా సంచిని పొట్టకు అదుముకుంది. లోపలి గుండుసూది ఎక్కడ ఉందో వేలికి తెలిసింది.

నూనె. ఆ నూనె ఈ బాండలిదే. నెలకొకసారి ఇంటికి వచ్చి పోయేటప్పుడు భానుప్రకాశ్, మురుకులు కాల్చి కాల్చి నల్లబడి ఇక పారబోయవలసిన నూనెను డబ్బాలో పోయించుకుని, బస్సులో కాళ్ల మధ్య పెట్టుకుని, మదనపల్లె దగ్గర అంగళ్లు అనే ఊరి దాకా తీసుకుపోయేవాడట. అక్కడి కాలేజీ ల్యాబులో ఆ నూనె సన్నటి గింజలుగా మారేది. మొదటిసారి తమ ఊళ్లోకి వచ్చినప్పుడు అరచేతిలో పోసి చూపించాడు. గోధుమరంగు, గుండ్రం, కొంచెం నొక్కు. ఉలవలనుకుంది రోజా. పైకి అనలేదు గాని అతనికి తెలిసిపోయింది. "ఉలవలు కాదు రోజమ్మా. ఇవి మొలకెత్తవు" అని నవ్వాడు. ఇవి మొలకెత్తవు. ఆ మాట ఇప్పుడు కూడా చెవిలో అదే గొంతుతో వినిపిస్తుంది, పొద్దున రోడ్డంచున వంగి మొలకలు పీకుతుంటే వినిపిస్తుంది. ఊరి రోడ్డు పుంగనూరు రోడ్డు నుంచి చీలి వచ్చే చోట, రోడ్డు కింద నీళ్లు పారే మోరీకి ఇటు నూరు మీటర్లు, అటు నూరు మీటర్లు కొత్త తారు పోశారు. తారులో ఆ గింజలు కలిపారు. "తారుకు కూడా ముసలితనం వస్తాది. ఎండకు దాంట్లో నూనె పోతాది, గట్టిపడతాది, గట్టిపడినాక పగులుతాది. మన రోడ్డులో పగులు లోపలికి పోతా పోతా గింజను తాకుతాది, గింజ పగిలి నూనె కారతాది. తారు మెత్తబడి ఆ పక్కా ఈ పక్కా ఒకదాన్నొకటి పట్టుకుంటాది. అంతే. అయితే ఒగటే షరతు, అది పట్టుకునేదాకా దాన్ని ఎవురూ తొక్కకూడదు. కాసేపు ఇడిసిపెట్టాల" అని చెప్పాడు. నాయన మునిరాజ అది విని, మనుషులకు లేని సుఖం రోడ్డుకొచ్చెనే అన్నాడు. ఆదివారం పొద్దున పది నుంచి సాయంత్రం నాలుగు దాకా ఆ రెండువందల మీటర్లూ మూసేయాలి. రెండు కొసలా రాళ్లు పెట్టి, రాళ్ల మీద తుమ్మకంప వేయాలి. బండ్లు పక్కన పాత మట్టిబాటలో పోవాలి. ఆ కాపలా నాయనది. కొలిచి రాయడం రోజాది, చేతిరాత బాగుందని.

పొద్దున బస్సులో ఆ చీలిక దాటేటప్పుడు రోజా కళ్లు మూసుకుంది. అవ్వతో మదనపల్లెకు రికార్డు పుస్తకం కొనుక్కోవడానికి పోతున్నానని చెప్పి, పెద్దరోడ్డులో చీలికకు కొంచెం ముందున్న స్టాపులో నిలబడి ఎదురు దిక్కు బస్సు ఎక్కేసింది. పుంగనూరులో మారాలి, పలమనేరులో మారాలి, కుప్పం ఎప్పుడూ చూడలేదు. కళ్లు మూసుకున్నా తెలిసింది, చీలిక ఎప్పుడొచ్చిందో, ఎందుకంటే వెనక సీట్లో ఎవరో ఎవరికో చూపిస్తున్నారు. "అద్దో, అదే సూడు. తనంతకు తానే మానే రోడ్డంట." "మానిందా?" "రోడ్డు సంగతి తెలీదు గాని, పోసిన పిల్లోడు మానలేదు." పుంగనూరు దాకా ఆ మాట చక్రాల కింద తిరిగి తిరిగి వచ్చింది. మానలేదు, మానలేదు. పుంగనూరు బస్టాండులో దిగి పంపు దగ్గర ముఖం కడుక్కుంది. అక్కడ సంతకు తోలుకుపోతున్న పొట్టి ఆవు ఒకటి దూడతో సహా రోడ్డు మధ్యలో నిలబడి కదలనంటోంది. దాని మనిషి దాన్ని కొట్టకుండా, బండ్లవాళ్లను తిడుతున్నాడు. ఆ జనవరి ఆదివారం నాయన కూడా దూడను తోలుకుని ఈ సంతకే వచ్చాడు. ఆ రోజు ఆ దూడకు సంత రోజు కాకుండా పోయి ఉంటే. నాయన ఇంట్లో ఉండి ఉంటే. ఎన్ని ఉంటేలు పెట్టినా ఆ రోజు పేజీలో ఇంట్లో ఉన్నవాళ్లు మారరు. అవ్వ, నేను. అంతే.

కొలవడం అతనే నేర్పాడు. పసుపు పెయింటుతో రోడ్డు మీద పన్నెండు గుర్తులు, గుర్తుకొక పగులు. పేకముక్కల్లాగా ప్లాస్టిక్ కార్డుల కట్ట, ఒక్కోటి ఒక్కో మందం. పగులులో ఏ కార్డు దూరుతుందో చూసి ఆ నంబరు రాయాలి. "తొందరపడాకు. ముందు ఊపిరి పీల్చుకో, తర్వాత పెట్టు. నీ చెయ్యి వణికితే పగులు వణికినట్టు రాస్తావు" అనేవాడు. కొలిచాక ప్రతి గుర్తు దగ్గరా తెల్లగుడ్డతో తుడిచి, గుడ్డకు ఏదైనా అంటిందా అని చూడాలి. ఈ గుడ్డ పని కాలేజీ చెప్పింది కాదు, అతని సొంత ఆలోచన. నూనె పైకి రాకూడదు, లోపల్లోపలే పని చేయాలి, వచ్చిందా లేదా అని అతనికి ఒకటే బెంగ. నూనె అమ్మది గదా, చెడ్డపేరు రాకూడదు అనేవాడు నవ్వుతూ. ఏడో పగులు మోరీ దగ్గర, మలుపులో. అన్నిటికన్నా వెడల్పు అదే. మొదటి వారం దాంట్లో రెండు కార్డులు కలిపి దూరాయి. తర్వాత ఒకటి. తర్వాత పోస్టుకార్డు మందం. పైన మూసుకున్నంత మాత్రాన సంబరపడకూడదని కూడా అతనే చెప్పాడు. "పైన కలుస్తాది ముందు. లోపల కలిసేదానికి టైం పడతాది. అది మనకు కనపడదు." కాలేజీ ఇచ్చిన కొలతల పుస్తకంలో గళ్లు ఉండేవి. మూసిన టైం, తెరిచిన టైం, కార్డు నంబరు, రోడ్డు మీద ఏమైనా ఉన్నదా. ఆ ఆఖరి గడిలో ప్రతి ఆదివారం ఏమీ లేదు అని రాయాలి. రెండో వారం నుంచే రోజా పొద్దున పదికే ఆ గడి నింపేసేది. ఎలాగూ ఏమీ ఉండదు కదా. ఏమీ లేదు. రెండు మాటలు. ఆ రెండు మాటలే తర్వాత కాలేజీ నుంచి వచ్చిన ముగ్గురు పెద్దమనుషులు మోరీ దగ్గర గొంతుక్కూర్చుని పైకి చదివారు. రోడ్డు మీద ఏమీ లేదు, బండి జారింది, అంటే జారింది రోడ్డే. "నువ్వేనామ్మా రాసింది?" అన్నాడు అందులో ఒకాయన. నాయన వెనక నిలబడి రోజా తల ఊపింది. నోటితో ఒక్క ముక్క చెప్పకుండా, తల ఊపి.

ఆ రోజు పన్నెండుకు ఏడో పగులులో అన్నిటికన్నా సన్నకార్డు పెట్టింది. దూరలేదు. ఊపిరి పీల్చుకుని మళ్లీ పెట్టింది. వేలితో తడిమితే అక్కడ పగులు ఉండేదని చెప్పేది పసుపు గీత ఒక్కటే. గుడ్డతో తుడిచింది, గుడ్డ గుడ్డలాగే ఉంది. ఇంటికి పరుగెత్తి నాయన వదిలిపోయిన ఫోన్లో మెసేజ్ పెట్టింది. సార్ ఏడో దాంట్లో కార్డు దూరలేదు. వెంటనే జవాబు వచ్చింది, వస్తాండా అని. ఎప్పుడూ నాలుగు తర్వాతే వచ్చే మనిషి. ఆ మెసేజ్ సాయంత్రం పెట్టి ఉంటే. మళ్లీ ఉంటే. వెనక్కి వచ్చేసరికి అవ్వ పాపమ్మ రోడ్డు మీద ఉంది. మోరీ నుంచి మలుపు దాకా, కాయలతో సహా పీకి ఎండబెట్టిన ఉలవ తీగలు పరిచేసింది. ఆ పక్క ఊళ్లన్నిటా ఉలవలు, రాగులు నూర్చేది రోడ్డు మీదే. పరిస్తే బండ్లే తొక్కి నూరుస్తాయి, మనిషికి కట్టె పట్టుకుని బాదే పని ఉండదు. "అవ్వా, మూసిన రోడ్డది" అంది రోజా. "మూసినారని గదే పరిచేది. ఇంత నున్నటి కళ్లం నా జన్మకు సూసింటానా? ఎండ మాదిరి ఎండ కాస్తాంది. మోకాళ్లు పట్టుకునిపోయి కట్టె ఎత్తలేకుండాను, యాల గుడ్లు మిటకరిస్తావు, పో." రెండున్నర దాకా ఎండాయి. కాని మూసిన రోడ్డు మీద తొక్కే బండ్లు లేవు. అప్పుడు అవ్వ అంది, ఆ కంప పక్కకు లాగు, నాలుగు బండ్లు పోనీ, నాలుగైతే మల్లా వేద్దువులే.

ఇక్కడికి వచ్చినప్పుడల్లా మనసు దారి మారుస్తుంది. మట్టిబాటలోకి దిగిపోతుంది. కంప ముల్లు గుచ్చుకున్న బొటనవేలు గుర్తొస్తుంది, ముల్లు లోపలే విరిగి వారం రోజులు చీము పట్టింది. టమోటా ట్రాక్టరు గుర్తొస్తుంది. మట్టిబాట వైపు తిప్పబోయిన డ్రైవరుకు తనే చెయ్యెత్తి, ఇటు రండన్నా అని గట్టిగా అరిచింది. పదిమందిలో పేరు అడిగితే చెప్పలేని పిల్ల, రోడ్డు మధ్యన నిలబడి చెయ్యెత్తితే అంత బండి ఆగింది, తిరిగింది, తను చూపిన దారినే పోయింది. చక్రాల కింద ఉలవకాయలు చిటపటమంటుంటే ఎంత బాగుంది. అవును, బాగుంది. అది డైరీలో రాయలేదు. తర్వాత ఆటో, తర్వాత మళ్లీ ట్రాక్టరు. తొక్కేకొద్దీ తీగలు నలిగి, మెత్తబడి, ఎండకు తళతళా మెరిశాయి. నాలుగు బండ్లు దాటాయి, మళ్లీ వేయమని అవ్వ అనలేదు, తనూ వేయలేదు. ఇంకొక్కటి రానీ అనుకుంది. మోటార్ సైకిల్ చప్పుడు. ఆ చప్పుడు ఇప్పటికీ ప్రతి ఆదివారం మూడింటికి వస్తుంది. పంటపొలంలో ఉన్నా, వంటింట్లో ఉన్నా, చెవులు మూసుకున్నా మలుపు దగ్గర గేరు తగ్గించినట్టు వినిపించి, తెగిపోతుంది. ఇప్పుడు వీధిలో ఎవరిదో బండి పోయింది. రోజా వీపు బల్లకు ఆనించి గట్టిగా కూర్చుంది. ఫొటోలో ఆ ఒక్క కన్ను ఇటే చూస్తోంది. కోపం లేదు అందులో. కోపం ఉంటే బాగుండేది.

అంబులెన్సు వచ్చేలోపల, అవ్వా ఇంకో నలుగురు ఆడవాళ్లూ చీపుర్లు తెచ్చి రోడ్డు ఊడ్చేశారు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు, ఇల్లూడ్చినట్టు ఊడ్చేశారు. "నోరు తెరిస్తే మీ నాయన్ను టేసన్లో కూసోబెడతారు. నీకు నోరు ఎట్లాగూ లేదు గదా, ఇంగా లేనట్టే ఉండనీ" అంది అవ్వ. ఉలవలు మూటకట్టి మూలన పెట్టారు. మూలన ఆ మూట ఎవరో ముసుగు వేసుకుని కూర్చున్నట్టు ఉండేది. రెండు వారాలకు వాన పడింది, కాలం కాని వాన. పొద్దున చూస్తే రోడ్డంచున, చీపుర్లు తోసేసిన మట్టిలో, మోరీ నుంచి మలుపు దాకా వరసగా పచ్చటి మొలకలు. రెండేసి ఆకులు. ఎవరైనా చూస్తే చాలు, ఇక్కడ ఉలవలు పరిచారని చదివినట్టు తెలిసిపోతుంది. రోజా కూర్చుని ఒక్కొక్కటే పీకింది. మర్నాడు మళ్లీ వచ్చాయి. మట్టిలో ఎన్ని ఉన్నాయో ఎవరికి తెలుసు. పొద్దున్నే పశువుల్ని తోలుకుపోయే నెపంతో పోయి పీకుతూనే ఉంది, అవి వస్తూనే ఉన్నాయి. నిన్న సాయంత్రం నాయన వచ్చి చెప్పాడు, సోమవారం మిషన్ వస్తుంది, ఆ రెండువందల మీటర్లు గీకేసి మామూలు తారు పోస్తారు అని. ఏడో పగులు కూడా పోతుంది. మానిన పగులు. అది మానిందని తెలిసినవాళ్లు ఇద్దరే, అందులో ఒకడు గోడ మీద ఉన్నాడు.

"నువ్వు రోజావా?"

ఎప్పుడు వచ్చిందో, అమరావతమ్మ గడపలో నిలబడి ఉంది. తల ఆరే ఉంది, నీళ్లు పోసుకున్న మనిషి కాదు. పొట్టిగా, బలంగా ఉంది. ముంజేతుల మీద నూనె చింది కాలిన చుక్కలు, పాతవి, తెల్లబడినవి. రోజా లేచి నిలబడింది. "రోజా అని ఒక పిల్లుండాది, మాట్లాడదు, రాస్తాది అని సెప్పేవాడు" అంది ఆమె. "ఏమి, వచ్చినావు?" రోజా సంచిలోంచి డైరీ తీసి, ఆ పేజీ తెరిచి చాచింది. దారి పొడుగునా అనుకుంటూ వచ్చింది ఇదే. చెప్పనక్కర్లేదు, చేతికిస్తే చాలు. అమరావతమ్మ తీసుకోలేదు. "నాకు కండ్లద్దాలు లేకుంటే కనపడదు. సదువు" అంది. రామచంద్ర ఆమె వెనక వచ్చి నిలబడ్డాడు, సుప్రియ వచ్చింది, పెరుగామె కూడా మోకాళ్లు పట్టుకుని లేచింది. ముందు ఊపిరి పీల్చుకో, తర్వాత పెట్టు. రోజా ఊపిరి పీల్చుకుంది.

"ఆదివారం. ఇంట్లో అవ్వ, నేను. నాయన పుంగనూరు సంతకు పోయినాడు. పన్నెండుకు ఏడో పగులులో సన్నకార్డు కూడా దూరలేదు. గుడ్డతో తుడిచినాను, ఏమీ అంటలేదు. సార్‌కు మెసేజ్ పెట్టినాను. రెండున్నరకు కంప నేనే లాగినాను. రాళ్లు నేనే దొర్లించినాను. ఉలవలు మావి. మూడింటికి సార్ వచ్చినారు. నన్ను చూసి చెయ్యెత్తినారు. బండి ఉలవ తీగల మీద జారింది. రోడ్డు మీద జారలేదు. మోరీ రాయికి తగిలినారు. నేను దగ్గరికి పోయినాను. తలలో ఉలవాకులు ఉన్నాయి. నిజంగా దూరలేదా అని అడిగినారు. నేను లేదని తల ఊపినాను. కళ్లు మూసుకున్నారు. పుస్తకంలో ఏమీ లేదు అని పొద్దున్నే రాసినాను. అది అబద్ధం."

తన గొంతు అంతసేపు వినడం రోజాకు అదే మొదలు. ఆగిపోయాక కూడా ఇంకెవరో చదువుతున్నట్టు అనిపించింది. అమరావతమ్మ చెయ్యి చాచి పేజీకి గుచ్చిన గుడ్డను గుండుసూది తీసి ఊడదీసుకుంది. రెండు వేళ్ల మధ్య నలిపింది. ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని, వాసన చూసింది. చెంపకు రాసుకుంది. తిప్పి రెండో పక్క కూడా రాసుకుంది. "నూనె లేదు" అంది. "ఏంది?" అన్నాడు రామచంద్ర. "నూనె లేదన్నా. ముప్పై ఏండ్లు నూనెలో సేతులు పెట్టినదాన్ని, నూనె తగిలిన గుడ్డ నాకు తెలీదా? ఎన్నాళ్లు ఎండనీ, బిర్రుగా ఉంటాది, కమురు వస్తాది. దీంట్లో దుమ్ము తప్ప ఏమీ లేదు." గుడ్డను పిడికిట్లో పెట్టుకుని, ఆ పిడికిలి రొమ్ముకు ఆనించుకుంది. ఏడుస్తుందనుకుంది రోజా. ఏడవలేదు.

"రేపు మిషన్ వస్తాదంట" అంది రోజా, నేల చూస్తూ. "రోడ్డు గీకేస్తారంట."

"అన్నా, ఆ కాలేజీ వాళ్ల నంబరు తియ్యి" అంది అమరావతమ్మ, ఆయన వైపు తిరక్కుండానే. తర్వాత రోజాను చూసింది. మొదటిసారి చూసినట్టు, కాళ్ల దగ్గర నుంచి చూసింది. "కంప నువ్వే లాగినావా?"

"నేనే."

"మీ అవ్వ సెప్పిందనా?"

చెప్పింది. కాని ట్రాక్టరు ముందు చెయ్యెత్తింది అవ్వ కాదు. "నేనే" అంది మళ్లీ.

"ఆ ఉలవలు ఏం జేసినారు?"

"ఇంట్లో ఉండాయి."

"తిన్నారా?"

పెరుగామె అయ్యో అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. డైరీ పేజీల్లో ఇది ఎక్కడా లేదు. ఏ రోజు ఏం తిన్నదీ రాసే పిల్ల, ఆ ఒక్క రోజు రాయలేదు. "అవ్వ ఉడకేసింది. నాయన తిన్నాడు, ఆయనకు తెలీదు" అని ఆగింది. చెప్పకుండా ఉండవచ్చు. అడిగిన మాటకు జవాబు అయిపోయినట్టే. "నేనూ తిన్నా" అంది. "ఒక్క దినం. ఆకలైంది."

అమరావతమ్మ ముఖం మారలేదు. ముందుకు వంగి రోజా చేతిలోంచి డైరీ తీసుకుంది. "ఇది ఈడ్నే ఉంటాది" అంది. "ఇంగెవురు సెప్పినా ఆ కాలేజీ వాళ్లు నమ్మరు." గడప లోపలికి ఒక అడుగు వెనక్కి వేసింది. "సీకటి పడేలోగా ఊరు సేరుకో. మల్లా ఈ వాకిట్లోకి రావాకు పాపా."

రెండు చేతులతో రెండు రెక్కలూ పట్టుకుంది. మెల్లగా మూసింది, విసిరేయలేదు. రెక్కల మధ్య సుప్రియ కనిపించి పోయింది, రామచంద్ర తువ్వాలు కనిపించి పోయింది, అమరావతమ్మ పిడికిలి, పిడికిలిలోంచి కొంచెం బయటికి వచ్చిన గుడ్డ అంచు కనిపించి పోయాయి. చివరికి గోడ ఒక్కటే మిగిలింది, గోడ మీద, నిలబడ్డ చోటు నుంచి ఇప్పుడు మొత్తంగా, అతని ముఖం. రెండు వేళ్ల సందు. ఒక వేలు. పోస్టుకార్డు మందం, అందులో ఎర్రబల్బు వెలుగు నిలువుగా ఒక గీత. రోజా కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ తమంతట తామే దగ్గరికి వచ్చాయి, మధ్యలో కార్డు ఉన్నట్టు. గీత ఆరిపోయింది. లోపల గడియ పడింది.